ఉన్‌సఠ్ అంటే ఎంత

మా చిన్నమ్మ నర్మదకు లెక్కలు రావని ఇల్లంతా నమ్మింది. ఇంటివాళ్ల సంగతి సరే, ఆమే నమ్మింది. నాకు ఒళ్లు మండేది అందుకే.

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఇల్లు. తెలుగులో ఇరవయ్యో ఎక్కం దాకా గడగడా అప్పజెప్పే పిల్లను 1936లో ఆబిడ్స్ దగ్గర ఒక ఉర్దూ బడిలో వేశారు. ఉస్తానీ, అంటే పంతులమ్మ, అంకెలు చెబుతుంటే పలక మీద రాసి కూడాలి. యాభై తొమ్మిదిని ఉర్దూలో ఉన్‌సఠ్ అంటారు, సాఠ్‌కు, అంటే అరవైకి, ఒకటి తక్కువని. మన చెవికి అందులో అరవయ్యే వినబడుతుంది. చిన్నమ్మ 69 అని రాసేది. కూడిక సరిగ్గానే చేసేది, జవాబు మాత్రం తప్పేది. ఏడాది చివర చీటీలో ‘హిసాబ్ మే కమ్‌జోర్’ అని వచ్చింది. లెక్కల్లో బలహీనమని.

మా తాత సదాశివ కచేరీలో గుమాస్తా, మెత్తనివాడు. “లెక్కలు రాకుంటే ఏమైతది బిడ్డా, ఆడపిల్లవు. ఫికర్ చెయ్యకు” అన్నాడట. ఆ ఓదార్పు బెత్తం దెబ్బ కన్నా గట్టిగా తగిలింది. బడిలో ఆమె మళ్లీ చెయ్యెత్తలేదు.

రెండేళ్లకు మెదక్ నుంచి ప్రేమలీల టీచరు వచ్చింది. పలక చూసి, “నీకు లెక్కలు రావని ఎవరన్నరు? తొమ్మిది ఉన్నకాడనే పది ఎక్కువ రాస్తున్నవ్. గీ ఉర్దూ తొమ్మిదులు నన్ను గూడ గిట్లనే ఏడిపించినయ్” అంది. చిన్నమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. తరువాత చదివి పంతులమ్మే అయింది.

1949లో ఆమె పాఠాలు చెప్పే ఉర్దూ బడి తెలుగులోకి మారింది. నేనూ చిన్నమ్మ తరగతిలోనే ఉన్నాను. అంతదాకా ఉర్దూలో చదివిన కుల్సుమ్, తొమ్మిది అంటే 90 రాసేది, తొంభై అంటే 9. నెల చూసి, చిన్నమ్మ చీటీలో ఏదో రాసింది.

“క్యా లిఖే టీచర్?” అని అడిగింది కుల్సుమ్. ఏం రాశారని.

పిల్లకు అర్థం కావాలని చిన్నమ్మ ఉర్దూలో చెప్పబోయింది. “హిసాబ్ మే...” అని ఆగిపోయింది. చీటీ చింపేసి పలక ఆ పిల్ల చేతికిచ్చింది.

“ఉన్‌సఠ్ లిఖో బేటీ.”

కుల్సుమ్ ఠక్కున 59 అని రాసింది.

సరే అనే ముందు చిన్నమ్మ కొంగు చాటున వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. నేను చూశాను.