నూట నలభై పేజీల ఒకే పేజీ

టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మా మాస్టారు నేర్పిన విద్య ఒకటుంది. శీర్షిక కాగితం నడిమధ్యకి రావాలంటే ముందు అందులోని అక్షరాలు లెక్కపెట్టాలి. కాగితం మధ్య నుంచి ఆ లెక్కలో సగం సార్లు బ్యాక్‌స్పేస్ నొక్కి వెనక్కి జరిగి, అక్కడి నుంచి కొట్టుకుంటూ పోవాలి. అప్పుడు శీర్షిక త్రాసులా నిలబడుతుంది. పాడేరులో టైపు లోయరు, హయ్యరు రెండూ పాసైన కొండపిల్లని నేను. నా శీర్షిక ఒక్క అక్షరం అటూ ఇటూ జరిగితే పేరు మార్చుకుంటాను అని బడాయిలు పోయేదాన్ని.

అరకులో కాఫీ రైతుల సహాయ కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. బల్ల మీదికి కంప్యూటరు వచ్చాక కూడా అలాగే కొట్టాను, కాకపోతే స్పేస్ బార్ నొక్కుతూ. నారు పోయడం మొదలు గింజ ఎండబెట్టడం దాకా నూట నలభై పేజీల పుస్తకం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది.

ఆ పుస్తకాన్ని హెల్ప్ ఫైలుగా మార్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అంటే తెర మీద ఎడమ పక్క శీర్షికల జాబితా ఉంటుంది, ఒకదాన్ని నొక్కితే కుడి పక్క ఆ పాఠం తెరుచుకుంటుంది. పెదబయలు లాంటి చోట్ల మా కేంద్రాల్లో రైతు వచ్చి అడిగితే గుమాస్తా నొక్కి చదివి చెప్పాలి. అందుకు వేరే సాఫ్ట్‌వేరు కొన్నారు. అది చూపించడానికి విశాఖపట్నం నుంచి ఒక నిపుణుడు వచ్చాడు. మా మేనేజరు నా వైపు తిరిగి, "లే, సార్‌ని కూర్చోనీ" అన్నారు. నా కుర్చీ పక్కనే నేను నిలబడ్డాను.

ఆయన నా ఫైలుని ఆ సాఫ్ట్‌వేరులోకి దిగుమతి చేశాడు. జాబితాలో ఒక్కటంటే ఒక్క పేరు పడింది. దాన్ని నొక్కితే నూట నలభై పేజీలూ ఒకే పేజీగా, కిందికి లాగినకొద్దీ వస్తూనే ఉన్నాయి.

"ఇందులో ఒక్క శీర్షిక కూడా లేదే?" అన్నాడు.

"ఉన్నాయి కదండీ, నడిమధ్యన."

ఆయన నవ్వాడు. నడిమధ్యన ఉన్నంత మాత్రాన సాఫ్ట్‌వేరుకి తెలియదట. ఇది శీర్షిక అని మెనూలోంచి స్టైల్ ఎంచి ప్రతిదానికీ గుర్తు పెట్టాలట. ఆ గుర్తు ఉన్నచోటే అది పుస్తకాన్ని తెంపి కొత్త పాఠం మొదలుపెడుతుంది. "టైపు మిషను అలవాటు. కొండ మీద ఇంకా అదే నడుస్తున్నట్టుంది," అని మేనేజరుతో అన్నాడు. "మాకిచ్చేయండి సార్. మా ఆఫీసులో శుభ్రంగా చేసి పంపుతారు."

మేనేజరు తలూపారు. నాకు ఒళ్ళు మండింది. తప్పు నాదే, కాదనను. నా తప్పు దిద్దుకునే హక్కూ నాదే కదా? ఆ పని పట్నం వెళ్ళిపోతే నాకు మళ్ళీ హాజరు పట్టీలూ, కవర్ల మీద అడ్రసులూ మిగులుతాయి. పై శుక్రవారం సంతరోజుకి నేనే చేసి చూపిస్తానన్నాను.

"చేయలేకపోతే?" అన్నారు మేనేజరు.

"అప్పుడు పట్టుకుపోనివ్వండి."

మర్నాడు పొద్దున్నే కూర్చున్నాను. మొదటిది "నారుమడి యాజమాన్యం". ముందున్న ఖాళీలు చెరిపి స్టైల్ పెట్టాను. రెండోది "తెగుళ్ళ నిర్వహణ". అక్కడ నా చెయ్యి ఆగింది. ఇవి నేను కొట్టినవే గానీ నేను రాసినవి కావు. మా ఊళ్ళలో ఈ మాటలు ఎవరంటారు? సంతకొచ్చిన రైతు మా ఆఫీసులోకి వస్తే ముందు ఏమీ అడగడు. జబ్బు చేసిన ఆకునో, పురుగు తొలిచిన పండునో తువ్వాలులోంచి తీసి నా బల్ల మీద పెడతాడు. అది పెట్టాకే మాట. మందు చెప్పే ఆఫీసరుకి చేరవేయాలి కాబట్టి ఆ మాటలన్నీ నేనొక నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని.

ఎలాగూ ప్రతి శీర్షికనీ ముట్టుకోవాల్సిందే. ముట్టుకునేదేదో సరిగ్గా ముట్టుకుందాం అనుకున్నాను. నోటుపుస్తకం పక్కన పెట్టుకుని, పాత శీర్షికలు తీసేసి వాళ్ళ మాటలు పెట్టుకుంటూ పోయాను. ఒక్కో పెద్ద పాఠం నాలుగైదు ముక్కలైంది.

బుధవారం మేనేజరు చూసి మొహం చిట్లించారు. "రైతుల మాటలా శీర్షికలు? ఇది పైకి వెళ్ళే పని."

"పైవాళ్ళు కాఫీ పండిస్తారా సార్?"

నోరు పారేసుకున్నానని నాకూ తెలుసు. కానీ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం నేను. ఒక్కటి కూడా మార్చలేదు.

శుక్రవారం నిపుణుడు వచ్చాడు. సంతకొచ్చిన రైతులు కూడా గదిలోకి చేరారు. దిగుమతి నొక్కాను. ఎడమ పక్క జాబితా తెర నిండి కిందికి దిగింది. నాకు ఊపిరొచ్చింది. అంతలో పై ఊళ్ళో తోట ఉన్న ఒక అవ్వ ముందుకొచ్చి, కొంగు ముడి విప్పి, కంప్యూటరు పక్కన ఒక ఆకు పెట్టింది.

"ఆకెనక పసుపు పొడి రాల్తంది గుంటా. ఏటి సెయ్యాల?"

జాబితాలో వేలు పెట్టి చూపించాను. "ఆకు వెనక పసుపు పొడి రాలుతోంది." నొక్కాను. మైలుతుత్తం, సున్నం ఎలా కలపాలో, ఆకు అడుగు తడిసేలా ఎలా కొట్టాలో చదివి వినిపించాను.

అవ్వ తెర వైపు అనుమానంగా చూసింది. "నానిప్పుడే కదా అడిగినాను. దీనికి ముందే ఎలాగ తెల్సింది?"

"పోయినేడు నువ్వే అడిగినావు కదా అవ్వా. రాసుకున్నాను."

"పోయినేడూ సెప్పినారు, నువ్వే మందు కొట్టనేదు," అన్నాడు వెనక నుంచి ఒక పెద్దాయన. గదంతా నవ్వింది.

నిపుణుడు ముందుకు వంగి జాబితా చదివాడు. "బాగానే ఉంది. భాష కాస్త సరిచేయాలి. నేనొకసారి కూర్చుంటాను," అన్నాడు. మేనేజరు అలవాటుగా నా వైపు తిరిగారు. "లే, సార్‌ని..."

నేను లేవలేదు. కుర్చీని బల్లకి ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

"నిలబడినా కనబడుతుంది సార్," అన్నాను. "ఏం మార్చాలో చెప్పండి. అవ్వని అడిగి, సరే అంటే నేనే మారుస్తాను."

ఆయన నిలబడే చదివాడు. ఫైలు కొండ దిగలేదు.