పెరగని ఈఎంఐ

మా ఇంట్లో అప్పు అనే మాట వాడకూడదు. లోన్ అనవచ్చు. వెంకటాచలం వైపు హైవే పక్కన లేఅవుట్‌లో ఇల్లు కొన్నప్పుడు నేనూ నా భార్యా కూడబలుక్కుని చేసుకున్న ఏర్పాటు ఇది. కారణం మా అమ్మ. ఆమె కాపురానికి వచ్చిన ఇల్లు సంగంలో ఉండేది. నాన్న దాన్ని ఒక వడ్డీ వ్యాపారి దగ్గర తాకట్టు పెట్టాడు. ఏళ్ల తరబడి కట్టి, కట్టిందంతా వడ్డీకే సరిపోయిందని చివర్లో తెలుసుకుని, ఇల్లు అప్పగించి నెల్లూరులో అద్దెకు దిగాడు. అప్పటినుంచి అమ్మది ఒకటే పట్టు. తన శవం తాకట్టులో ఉన్న ఇంట్లోంచి లేవకూడదు.

అందుకని మేం తాకట్టు అనలేదు, హోమ్ లోన్ అన్నాం. అదే వడ్డీ, అవే సంతకాలు. మాట ఇంగ్లీషులోకి మారేసరికి అప్పుకు ఎక్కడలేని పరువు వచ్చింది. అప్పు చేశామంటే చాటుగా జాలిపడేవాళ్లు కూడా లోను శాంక్షనైందనగానే చెయ్యి పట్టుకుని ఊపారు. పాస్టరుగారు గృహప్రతిష్ఠ ప్రార్థనలో బ్యాంకు మేనేజరును కూడా దీవించారు. దస్తావేజులు ఏవని అమ్మ అడిగితే, బ్యాంకులో భద్రంగా ఉన్నాయని చెప్పాను. అందులో అబద్ధమేమీ లేదు. నేను వెళ్లి అడిగినా ఇవ్వనంత భద్రంగా ఉన్నాయి.

అయితే లోను ఎప్పటికి తీరుతుందో మాత్రం అమ్మ గట్టిగా అడిగి తెలుసుకుంది. నేను కరెంటు ఆఫీసులో గుమాస్తాను. నా రిటైర్మెంటుకు కాస్త ముందుగా తీరుతుందని చెప్పాను. ఆమె వేళ్ల మీద లెక్కవేసుకుని, అప్పటిదాకా బతకాలని తీర్మానించుకుంది. బీపీ మాత్రలు మానకుండా వేసుకోవడం, ఊరగాయ ముట్టకపోవడం అప్పుడే మొదలయ్యాయి. "ఇంటి కాగితాలు చేతికొచ్చిందాకా నన్ను చూసుకో నాయనా, ఆ పైన ప్రభువు ఇష్టం" అని డాక్టరుకే చెప్పింది. నా భార్య నర్సు. జీవితంలో ఇంత శ్రద్ధగా మాత్రలు వేసుకునే పేషెంటును చూడలేదని అంటుంది.

శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరే రోజున మా వీధి అంతా మేడలెక్కుతుంది. అలాంటి ఒక సాయంత్రం, పొగ ఇంకా ఆకాశంలో ఉండగానే, పక్క మేడ మీద నుంచి ఎవరో వడ్డీ రేట్లు మళ్లీ పెంచారని అన్నారు. అమ్మ నావైపు తిరిగింది.

"మనకెంత పెరిగింది అబ్బయ్యా?"

ఫోన్ తీసి చూశాను. ఎప్పుడూ పోయే ఈఎంఐ ఎంతో, అంతే పోయింది.

"ఒక్క రూపాయి కూడా పెరగలేదమ్మా."

"అదెట్టా? అందరికీ పెరిగిందంటుండారు గదా."

ఏమో మరి, పెరగలేదన్నాను. నేనూ సంతోషించాను. కారణం వెతికే ఓపిక నాకు లేకపోయింది. అమ్మకు మాత్రం కారణం అప్పటికే దొరికిపోయింది.

ఆ ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయానికి అందరికంటే ముందు అమ్మ లేచింది. "లోకంలో అందరికీ వడ్డీలు పెరిగినాయి. మా ఇంటి లోనుకి మటుకు దేవుడు ఒక్క రూపాయి పెరగనీయలేదు" అంది. సంఘమంతా ఒక్క గొంతుతో స్తోత్రం అంది. మా సంఘంలోనే ఒకాయన బ్యాంకులో హౌసింగ్ లోన్లు చూస్తాడు. వెనక వరసలో కూర్చుని ఆయన కూడా స్తోత్రం అన్నాడు.

ఆరాధన అయ్యాక స్కూటర్ల దగ్గర ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, అమ్మ చెప్పేటప్పుడు ఏమనేదానికీ లేక ఊరకుండినాను. ఈఎంఐ పెరగలేదంటే కట్టాల్సిన ఏళ్లు పెరిగినాయని అర్థం. మీ రిటైర్మెంటు దాటి పొయ్యుంటాది."

"మాకెవరూ చెప్పలేదే."

"మెసేజ్ వచ్చుంటాది అన్నా, చూసుకో."

వచ్చింది. చీరల తగ్గింపు మెసేజ్‌కీ గ్యాస్ బుకింగ్ మెసేజ్‌కీ మధ్యన బుద్ధిగా కూర్చుని ఉంది. రిటైరైన తర్వాత కూడా నేను చాలాకాలం కట్టాలి. అమ్మ వేళ్ల మీది లెక్కకు అది అందదు. ఎన్ని మాత్రలు వేసుకున్నా అందదు.

చెప్పవద్దని నా భార్య అంది. అమ్మ సంతోషంగా ఉంటే మన సొమ్మేం పోయిందని ఆమె వాదన. నేనూ ఒప్పుకున్నాను. కానీ అమ్మ ఈ సాక్ష్యాన్ని స్త్రీల కూటంలో కూడా చెబుతానని, వెంకటగిరి నుంచి వచ్చేవాళ్లు కూడా వింటారని ఉత్సాహపడుతుంటే, ఇక నా వల్ల కాలేదు. పెరట్లో చేపలు కడుగుతున్న ఆమె దగ్గర చతికిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆమె చెయ్యి ఆగలేదు. పొలుసు గీస్తూనే అడిగింది.

"కట్టేదంతా వడ్డీకే పోతుండాదా?"

"ఎక్కువ వడ్డీకే పోతుందమ్మా."

"అయితే తాకట్టే గదా అబ్బయ్యా ఇది."

"తాకట్టేనమ్మా."

"మీ నాయన కూడా నాతో తాకట్టని చెప్పలేదులే. సర్దుబాటు అన్నాడు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె చేపల గిన్నె నా చేతికిచ్చి లోపలికి పోయింది.

తర్వాతి ఆదివారం మళ్లీ లేచింది. "పోయిన వారం నేను చెప్పింది తప్పు. వడ్డీ పెరిగింది. తెలవక దేవుడి మీద పెట్టినాను" అని చెప్పి కూర్చుంది. ఈసారి స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. బయటికి వచ్చేసరికి బ్యాంకాయన చుట్టూ సగం సంఘం ఫోన్లు పట్టుకుని నిలబడి ఉంది. మాదీ పెరగలేదు, మాదీ పెరగలేదు అని ఒకరి తర్వాత ఒకరు భయంభయంగా చెప్పుకుంటున్నారు. పాస్టరుగారు కూడా ఆ వరసలో ఉన్నారు.

సోమవారం అమ్మ నాచేత సెలవు పెట్టించి బ్యాంకుకు తీసుకెళ్లమంది. బ్యాంకాయన ముందు కూర్చుని, చీర కొంగులోంచి మడతపెట్టిన నోట్లు తీసి బల్ల మీద పెట్టింది. అవి ఏ డబ్బులో నాకు తెలుసు. కుట్టు మిషను తొక్కి దాచుకున్నవి. తన శవపెట్టెకీ, సమాధికీ, తను పోయాక జరిగే ఆదరణ కూటానికి వచ్చినవాళ్లకు పెట్టే భోజనాలకీ ఎవరి ముందూ చెయ్యి చాపకూడదని ఏళ్లుగా దాచుకున్నవి.

"అమ్మా, ఇవి పెట్టె డబ్బులు" అన్నాను.

"పెట్టెకి కూడా లోనిస్తారేమో కనుక్కో."

బ్యాంకాయన నవ్వలేదు. ఆ సొమ్ము అసలుకు జమచేస్తే నెలనెలా కట్టేది మారదనీ, చివర్లో కొన్ని నెలలు తగ్గుతాయనీ వివరించాడు. కంప్యూటర్‌లో చూసి, "ఆరేడు నెలలు తగ్గతాయమ్మా" అన్నాడు.

"ఏ నెలలు?"

"చిట్టచివరివి."

అప్పటికి తను ఉండదని ఆమెకు తెలుసు. నాకు ఏడుపు వచ్చింది. ఆమె నా ముఖం చూసి, కొంగు సర్దుకుంటూ లేచింది.

"ఆ ఆరేడు నెలలు మీరిద్దరూ నా ఇంట్లో ఉన్నట్టు. అద్దె అడగనులే."