పదమూడేళ్ళ ప్రొబేషన్

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, వైటుకే గండం గడిచి శతాబ్దం మారిన ఆ రోజుల్లో సింగపూర్‌లో మాలాంటివాళ్ళం నేల మీద నడిచేవాళ్ళం కాదు. ఏ కంపెనీ పేరు చూసినా చివర డాట్‌కామ్ ఉండేది. కూరగాయలకో డాట్‌కామ్, పెళ్ళిళ్ళకో డాట్‌కామ్, ఆఖరికి కుక్కలకు స్నానం చేయించే డాట్‌కామ్ కూడా ఒకటి మా ఆఫీసు కింది అంతస్తులోనే ఉండేది (దాని యజమానికి కుక్కలంటే భయమని తర్వాత తెలిసింది). మాది ఓడల్లో సరుకు ఎంతవరకూ వచ్చిందో ఇంటర్నెట్‌లో చూపించే కంపెనీ. ఇప్పుడు వన్-నార్త్ అని అద్దాల మేడలు లేచిన చోటికి కూతవేటు దూరంలో ఉండేది. నేను తెనాలి దగ్గర పాలిటెక్నిక్‌లో లెక్చరర్ ఉద్యోగం వదిలేసి అందులో చేరాను. బయల్దేరేటప్పుడు మా నాన్న ఒకే మాట అన్నాడు. "గవర్నమెంటు ఉద్యోగం కాదనుకుని, పేరు మధ్యలో చుక్కున్న కంపెనీకి పోతున్నావన్నమాట." ఆ తర్వాత మూడు నెలలు నాతో ఫోన్‌లో మాట్లాడలేదు. కాబట్టి ఆ ఉద్యోగం నిలబడటం నాకు ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. పోతే అక్కడ ఉండనిచ్చే వర్క్ పాసు పోతుంది, పాసు పోతే విమానం ఎక్కాలి, దిగాక మా నాన్న ముఖం చూడాలి. ఆ మూడోదే అన్నిటికన్నా కష్టం.

మా బాసు అమెరికన్. అరవై దాటినవాడు. ఆ ఉక్కపోతలో కూడా రోజుకో రంగు బో టై కట్టుకుని వచ్చేవాడు గనక మాలో మేం ఆయన్ని బో టై తాత అనుకునేవాళ్ళం. మనిషి మంచివాడే గానీ ఒక పిచ్చి ఉంది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య వాళ్ళ దేశం ఎలా ఉండేదో చదవడం, దొరికినవాడికల్లా చెప్పడం. చేరిన రెండో నెలలో ఒక శుక్రవారం మమ్మల్నందర్నీ హాకర్ సెంటర్‌కి భోజనానికి తీసుకెళ్ళాడు. అందరికీ బీరు చెబుతూ నావైపు తిరిగి, "మరి నీకు?" అన్నాడు. ఉద్యోగం ఖాయమయ్యేదాకా బాసు ఎదుట గ్లాసు పట్టుకోకూడదని ఇంటి దగ్గరే ఒట్టేసుకుని వచ్చినవాణ్ణి. అందుకని వినయంగా లేచి నిలబడి, "నో సర్. ఐ యామ్ అండర్ ప్రొహిబిషన్. ఫైవ్ వీక్స్ మోర్," అన్నాను.

ప్రొబేషన్ అనాల్సిన చోట ప్రొహిబిషన్ అన్నానని నాకు ఏమాత్రం తెలియదు. తప్పు పూర్తిగా నాది కూడా కాదు. నేను పాఠాలు చెబుతున్న రోజుల్లో మా దగ్గర మద్యనిషేధం వచ్చింది. పేపర్లో ప్రొహిబిషన్, బస్టాండ్ గోడ మీద ప్రొహిబిషన్, టీకొట్లో అదే గొడవ. సారాకి ఎదురు తిరిగిన ఆడవాళ్ళ పుణ్యమా అని మా వీధిలో చదువురాని ముసలమ్మ కూడా ఆ మాట తడబడకుండా అనేసేది. అంతలా నోట్లో నానిన మాట, కాస్త దగ్గరగా ఇంకో మాట కనబడితే తోసుకుని ముందుకొచ్చేసింది, అంతే.

బో టై తాత గ్లాసు కింద పెట్టి నన్ను తేరిపార చూశాడు. "అలాగా? మరి దాన్ని రద్దు చేసేదెవరు?" అన్నాడు. "హెచ్చార్, సర్," అన్నాను. అంతే, ఆయన బల్ల చరిచి నవ్వడం మొదలుపెట్టాడు. చేపల కూర గిన్నె ఎగిరి పడింది. పక్క బల్లల వాళ్ళు తిరిగి చూశారు. ఎందుకు నవ్వుతున్నాడో తెలియకపోయినా, ఏదో గొప్ప చమత్కారం చేసినవాడిలా నేనూ చిరునవ్వు నవ్వాను (ఆ చిరునవ్వే నా కొంప ముంచింది). ఆయన కళ్ళు తుడుచుకుని, "మా చరిత్ర ఇంత బాగా తెలిసినవాడు ఇక్కడ ఉన్నాడని నాకు ఇన్నాళ్ళూ తెలియదే! వచ్చే నెల మొదటి శుక్రవారం ప్రసంగం నీదే," అని అందరి ముందూ ప్రకటించేశాడు. మా ఆఫీసులో నెలకోసారి ఎవరో ఒకరు పనితో సంబంధం లేని విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడటం ఆచారం. తిరిగి వచ్చేటప్పుడు హెచ్చార్ చూసే చైనీస్ ఆవిడ నా పక్కన నడుస్తూ, "గుడ్ లా! అదే వారం నీ కన్ఫర్మేషన్ పేపర్ మీద బాస్ సంతకం పెట్టాలి. బాగా మాట్లాడు," అని శుభవార్తలా చెప్పింది. నాకు ఆ మధ్యాహ్నం ఇంకేమీ వినబడలేదు.

నేను సెరంగూన్ రోడ్డు వెనక ఒక పాత ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. ఇల్లుగల ఆంటీ అక్కడే పుట్టి పెరిగిన తెలుగావిడ. ముప్పై ఏళ్ళు బడిలో హిస్టరీ చెప్పి రిటైరైంది. ఆవిడ తెలుగు తాతలనాటి శ్రీకాకుళం తెలుగు. దాంట్లోకి అరవమూ మలాయీ వచ్చి స్థిరపడిపోయాయి. ఆ సాయంత్రం జరిగిందంతా చెప్పి, "అంత నవ్వాల్సిందేముంది ఆంటీ?" అని అడిగాను. ఆవిడ చేతిలో అట్లకాడ అలాగే ఆగిపోయింది.

"అలామాక్! తంబీ, నీది ప్రొబేషన్ పా. ప్రొహిబిషనంటే సారా బందు. అమెరికా వోలు పదమూడేళ్ళు దేశమంతా బందెట్టినారు, అదీ. నువ్వు కావాలనే జోకేసినావని ఆ దొర అనుకున్నాడు," అంది.

"అయితే రేపే వెళ్ళి నిజం చెప్పేస్తాను ఆంటీ."

"ఏటని సెప్తావు? నాకు ఇంగ్లీషు రాదు, నా కాగితం మీద సంతకం పెట్టు బాబూ అనా? సుమ్మా కూకో. ముందు మకాన్ కానీ, అట్టు సల్లారిపోతాది. రేపట్నించి చదువు."

అలా నా చదువు మొదలైంది. లైబ్రరీ నించి ఆవిడే పుస్తకాలు మోసుకొచ్చేది. నేను ఆఫీసు నించి రాగానే వంటింటి బల్ల మీద పాఠం, ఆదివారం పరీక్ష. తప్పు చెబితే అట్టు ఆలస్యంగా వచ్చేది. యుద్ధం గెలిచి వచ్చి పొట్టి జుట్లతో, కొత్త పాటలతో గంతులేసిన అమెరికా, అప్పుడే ఓటు చేతికొచ్చిన ఆడవాళ్ళు, కారు, రేడియో, ఐసుపెట్టె అన్నీ వాయిదాల మీద కొనుక్కుని ఈ సుఖం ఎప్పటికీ పోదనుకున్న జనం, చివరికి చెప్పులు కుట్టేవాడు కూడా షేర్ల గురించి సలహా చెప్పే రోజు. వింటుంటే నాకు ఎక్కడో తెలిసిన ఊరిలా అనిపించింది. మా టీమ్‌లో ఒకడు కంపెనీ షేర్లు తనకు ఇంకా చేతికి రాకముందే వాటితో కట్టబోయే ఇంటికి వాస్తు చూపిస్తున్నాడు మరి. ఆ తర్వాత మార్కెట్ కూలి, బ్యాంకులు మూతబడి, బాగా బతికినవాళ్ళు కూడా రొట్టె కోసం వరసలో నిలబడిన రోజులు. ఆంటీ అక్కడ మాత్రం గొంతు తగ్గించి చెప్పేది.

"ఆళ్ళు పడిపోడం కాదు తంబీ, లేచిన తీరు సూడు," అనేది. "పనిలేనోడికి గంజి పొయ్యడం ఒకటి, పని ఇవ్వడం ఇంకోటి. కుర్రోల్ని అడవులకి పంపి మొక్కలు నాటించినారు. డాములు కట్టించినారు. బొమ్మలేసేవోడికి గోడలిచ్చినారు, రాసేవోడికి ఊరూరా తిరిగి ముసలోళ్ళ కతలు రాసుకు రమ్మన్నారు. నువ్వు పనికొస్తావురా అని సెప్పడం, సిన్న ఇసయమా?"

ఒకరోజు నేను, "ఎక్కడి అమెరికా, ఎక్కడి మీరు, ఇంత ప్రేమేంటి ఆంటీ?" అన్నాను. ఆవిడ నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి వాళ్ళ నాన్న సంగతి చెప్పింది. ఆయన మలయాలో రబ్బరు తోటలో పాలు తీసే కూలీ. ఆ పాలే ఓడలెక్కి అమెరికా కార్లకు టైర్లయ్యేవి. అక్కడ కార్లు కొనేవాడు లేకపోయేసరికి ఇక్కడ ఆయన చేతిలో కత్తికి పని లేకపోయింది. తోట మూశారు, కూలీలను ఓడ ఎక్కించి తిరిగి ఇండియాకి పంపేస్తామని పినాంగు రేవులో వరసగా నిలబెట్టారు.

"మా నాయన ఒంటేలుకెళ్ళొస్తానని సెప్పి వరసలోంచి బయటికొచ్చినాడు. మరెళ్ళలేదు," అంది ఆంటీ. "ఆ పూట ఆయనకి ఆ బాద రాకపోతే నీకు గదెవరిచ్చేవోరు?"

నేను పగలబడి నవ్వాను. ఆవిడా నవ్వింది గానీ, నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకు సిగ్గేసింది. అప్పటిదాకా నేను చదువుతున్నది నా కాగితం మీద బాసు సంతకం కోసమే.

శుక్రవారం వచ్చింది. ఇంటి నించి బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర ఆంటీ నాచేత పదిసార్లు అనిపించింది. "నీ ఉద్యోగానిది ఏటి?" "ప్రొబేషన్." "గట్టిగా!" "ప్రొబేషన్!" రైల్లో కూడా అదే జపం. హాల్లో నలభైమంది, ముందు వరసలో ఎర్ర బో టై. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. మహాయుద్ధం అయిపోగానే అమెరికా ప్రజలందర్నీ ప్రొబేషన్‌లో పెట్టారు అన్నాను. ఆ ప్రొబేషన్ కోసం ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడారు అన్నాను. డబ్బున్నవాళ్ళు నేలమాళిగల్లో కూర్చుని రహస్యంగా ప్రొబేషన్‌ను ఉల్లంఘించేవారనీ, దొంగ ఓడల్లో సరుకు దిగేదనీ, ఇలా పదమూడేళ్ళు ప్రొబేషన్ సాగాక ప్రభుత్వమే విసిగి రద్దు చేసిందనీ ధారాళంగా చెప్పుకుపోయాను. హెచ్చార్ ఆవిడ నోరు తెరిచి, "థర్టీన్ ఇయర్స్ ఆహ్?" అంది. బో టై తాత ముఖం ఆయన టై రంగులోకి వచ్చేసింది. భుజాలు ఊగిపోతున్నాయి. అప్పుడు తెలిసింది నాకు. ఆయనకు కూడా అప్పుడే తెలిసింది, ఆ రోజు హాకర్ సెంటర్‌లో నేను చేసింది చమత్కారం కాదని.

ప్రసంగం రాసుకొచ్చిన కార్డులు చేతిలోంచి జారి నేల మీద పడ్డాయి. వంగి ఏరుకుంటే పైకి లేచే ధైర్యం ఉండదనిపించి వాటిని అక్కడే వదిలేశాను. "సర్, ఆ రోజు నేను చెప్పాలనుకున్నది ప్రొబేషన్. నాకు మీ చరిత్ర తెలియదు. ఈ నాలుగు వారాల్లో మా ఇంటి ఆంటీ నేర్పింది," అని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఉద్యోగం పోయిందని తేలిపోయాక భయం కూడా పోయింది. ఇక ఎటూ పోయేదే కదా అని, రబ్బరు తోట కూలీ కథ చెప్పాను. పినాంగు రేవు చెప్పాను. ఒంటేలు సంగతి కూడా చెప్పాను. ఒక దేశం పడిపోతే సముద్రాలవతల మనిషి చేతిలో కత్తి ఆగిపోతుందనీ, అలా పడిపోయిన దేశం తనవాళ్ళ చేతికి గంజి గిన్నెతో పాటు మొక్కా పారా ఇచ్చి లేచి నిలబడిందనీ, అది తలుచుకుంటే నాకు ఆ జనం మీద గౌరవం కలిగిందనీ నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పి కూర్చున్నాను.

బో టై తాత లేచి, వాళ్ళ నాన్న టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడనీ, ఆ రోజుల్లోనే పని పోయి, మొక్కలు నాటే శిబిరానికి వెళ్ళాడనీ చెప్పాడు. "మీ ఆంటీ వాళ్ళ నాన్న తీసిన రబ్బరు మా నాన్న చేతుల్లోంచి వెళ్ళి ఉండొచ్చు," అని బో టై సర్దుకున్నాడు. ఆ ఆదివారం ఆయన మా ఫ్లాట్‌కి వచ్చాడు. ఆంటీ, ఆయనా వంటింటి బల్ల దగ్గర కూర్చుని మూడు గంటలు మాట్లాడుకున్నారు. అట్లు పోసింది నేను.

సోమవారం నా బల్ల మీద కవరు ఉంది. విప్పితే కంపెనీ కాగితం మీద, హెచ్చార్ ముద్ర కింద, ఆయన టైపు చేయించిన ఒక్క వాక్యం: నేటి నుంచి మీ ప్రొహిబిషన్ రద్దు చేయడమైనది. ఆ సాయంత్రం మా నాన్నకు ఫోన్ చేశాను. "చుక్క నిలబడిందా?" అన్నాడు. నిలబడిందన్నాను. "సరేలే, వేళకి తిను," అన్నాడు. మా నాన్న విషయంలో అది పెద్ద ఉపన్యాసమే.

చుక్క నిజానికి ఎనిమిది నెలలే నిలబడింది. డాట్‌కామ్‌లన్నీ ఒకదాని వెనక ఒకటి కూలిపోయాయి. కుక్కల స్నానం ముందు పోయింది, తర్వాత మాది. బో టై తాత ఒక్కొక్కరి చేయీ పట్టుకుని వీడ్కోలు చెప్పి వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. నేను అట్టపెట్టె చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేసరికి ఆంటీ ఓదార్పు మాట ఒక్కటి కూడా అనలేదు. "మకాన్ అయిందా?" అని, భోజనం పెట్టి, ఒక లావుపాటి నోటు పుస్తకం తెచ్చి ముందు పడేసింది. "మా నాయన కత. సెప్తాను, కంప్యూటర్లో కొట్టు. అయ్యేదాక అద్దె మాటెత్తకు. ఊరికే కాదు పా, ఇది పని," అంది. పాసు పోయినా, విజిట్ గడువు పొడిగించుకుంటూ ఆరు వారాలు కొట్టాను. ఇంకో ఉద్యోగం దొరికే నాటికి ఆ కథలో ఆంటీ నాన్న సింగపూర్ చేరి, పెళ్ళి కూడా చేసుకున్నాడు.

ఇప్పుడు మా కుటుంబం సింగపూర్‌లోనే సెంగ్‌కాంగ్ అనే పేటలో ఉంటోంది. కొత్తగా చేరిన పిల్లల కన్ఫర్మేషన్ కాగితాల మీద సంతకాలు పెట్టేది నేనే. మొన్న అల్మారా సర్దుతుంటే ఆ పాత ఉత్తరం మా అమ్మాయి కంట పడింది. చదివి, "డాడీ, స్పెల్లింగ్ రాంగ్ లా. ప్రొబేషన్ కదా?" అని పెన్ను తీసింది. "దిద్దకు," అన్నాను, కాస్త గట్టిగానే. అది వింతగా చూసి ఉత్తరం నా చేతికిచ్చి వెళ్ళిపోయింది. చేతిలో కార్డులు లేకుండా నలభైమంది ముందు నిలబడిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకున్నాను. వాడికి ఇంగ్లీషు రాదు గానీ, ఆ ఒక్క రోజు వాడు నాకన్నా బాగా మాట్లాడాడు.