మోవా వంతెన మీద చిక్కుడుకాయ రంగు అంబాసిడర్

నేను కోరి చేసే ప్రయాణాలు కొన్ని, నా నోరు నా చేత చేయించే ప్రయాణాలు కొన్ని. రాయ్‌పూర్ ప్రయాణం రెండో రకం. కిందటేడు మా ఇంట్లో ఒక పెళ్ళిలో, విజయనగరం నుంచి అరకు దాకా కారు ఒక్కదాన్నే నడుపుకుంటూ వెళ్ళొచ్చానని కాస్త గట్టిగానే చెప్పుకున్నాను. ఘాట్ రోడ్డులో లారీని ఎలా దాటానో చెబుతుంటే మా అప్పారావు బాబాయ్ లడ్డూ తినడం మానేసి మరీ విన్నాడు. ఆయన రాయ్‌పూర్‌లో రైలు వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు, అక్కడే స్థిరపడ్డాడు. ఈ చలికాలం ఆఖర్న ఒకరోజు ఫోన్ చేశాడు.

"కంటికి ఆపరేషన్ చేసేరు తల్లీ. నెల్లాళ్ళు స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడు డాక్టర్ సాబ్. వచ్చే ఆదివారమే మన గాడీల మేళా. నువ్వొచ్చి నడపాలి, ఇంక వేరే దారి లేదు."

గాడీల మేళా అంటే రాయ్‌పూర్‌లో పాత వాహనాల క్లబ్బు ఏడాదికోసారి పెట్టే ప్రదర్శన. బాబాయ్ దగ్గర చిక్కుడుకాయ రంగు అంబాసిడర్ ఒకటి ఉంది. ఆ క్లబ్బు వాళ్ళకి పట్టింపులు ఎక్కువ. బండి సొంత ఇంజను మీదే మైదానంలోకి రావాలి, తాడు కట్టి లాక్కొస్తే కుదరదు. యజమాని గానీ ఇంట్లోవాళ్ళు గానీ నడపాలి, జీతం డ్రైవరు పనికిరాడు. అన్నిటికన్నా ముఖ్యం, మొదటి ఏడాది నుంచి ఒక్కసారీ తప్పకుండా వచ్చిన బండ్లకే మొదటి వరుస. ఒక్క ఏడు తప్పితే ఆఖరి వరుసకి పోవడమే. బాబాయ్ అంబాసిడర్‌ది మొదటి వరుస. ఆయనకి ఉద్యోగంలో ప్రమోషన్ తప్పిపోయినా ఇంత బెంగపడలేదని పిన్ని తర్వాత చెప్పింది.

విశాఖ నుంచి రాత్రి బయలుదేరి విజయనగరం మీదుగా తెల్లారేసరికి రాయ్‌పూర్ చేర్చే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. స్లీపర్ టికెట్ నాలుగొందల లోపే. రాయగడ దాటాక చలి ఎముకల్లోకి దిగుతుంది, దుప్పటి మరిచిపోకండి. శనివారం పొద్దున స్టేషన్ బయటికొచ్చేసరికి పిన్ని నిలబడి ఉంది, చేతిలో తాళంచెవి ఆడిస్తూ. పిన్ని తెచ్చింది పక్కింటి మరియమ్మ సిస్టర్ కారు. ఈ మరియమ్మగారిది భీమవరం వైపు, రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. మోకాళ్ళు అరిగిపోయాక ఆవిడ చిన్న కారుని చర్చికీ, కూరల బజారుకీ తిప్పేది పిన్నే. స్టేషన్ ముందు ఆటోల మధ్య నుంచి సూదిలో దారం ఎక్కించినట్టు కారు బయటికి తీసింది. దారిలో వేడి వేడి అటుకుల పోహా, జిలేబీ తినిపించింది. ఇద్దరికీ కలిపి యాభై రూపాయలు. పోహా మీద సన్న కారప్పూస చల్లి, మిర్చి కొరుక్కోమని ఇస్తారు. నేను రెండో ప్లేటు కూడా తిన్నాను, ఎవరేమనుకుంటే నాకేం.

వర్క్‌షాపు వాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఇల్లు చేరగానే బాబాయ్ నన్ను కాఫీ కూడా తాగనివ్వకుండా షెడ్డులోకి తీసుకుపోయాడు. నల్ల కళ్ళద్దాల వెనక ఆయన కన్ను కనబడలేదు గానీ మొహం వెలిగిపోతోంది. గుడ్డ తీసి అంబాసిడర్ చూపించాడు. నిజం చెప్పొద్దూ, ముద్దొచ్చింది. గుండ్రటి మొహం, బొద్దు బుగ్గలు, మా మేనత్తలా ఉంది. తలుపు తెరిచి కూర్చున్నాను. గేరు కోసం కిందికి చెయ్యి చాపితే గాలి తగిలింది.

"బాబాయ్, గేరేదీ?"

"స్టీరింగ్ కింద ఉంది కదమ్మా. ఇది హ్యాండ్ గేరు."

నా అరకు గొప్పలన్నీ అక్కడే నీరుగారిపోయాయి. ఇలాంటి గేరు నేను జన్మలో ముట్టుకోలేదు. బాబాయ్ చేతులు గాల్లో తిప్పుతూ నేర్పించాడు. ఇలా లాగి పైకి, అలా వదిలి కిందికి. మధ్యాహ్నం దాకా కాలనీ రోడ్డు మీద తిప్పాను. చదును మీద ఎలాగో నడిచింది. గేరు పడని ప్రతిసారీ వరండాలో చిక్కుళ్ళు వలుస్తున్న పిన్ని తల ఎత్తకుండానే "క్లచ్చి పూర్తిగా తొక్కాలే, పిల్లా" అనేది. వంటింటి సలహా అనుకుని నేను పట్టించుకోలేదు. బాబాయ్ అయితే "నువ్వూరుకో, ఇది సిస్టరమ్మ బొమ్మకారు కాదు" అన్నాడు.

"ఔను, ఇది నా సవతి. దాని ఊసు నాకెందుకు," అంది పిన్ని.

ఆదివారం పొద్దున్నే బయలుదేరే ఏర్పాటు. పిన్ని బానెట్ మీద పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. మరియమ్మగారు గేటు పట్టుకుని నిలబడి కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేశారు. ఇద్దరు దేవుళ్ళ పూచీ దొరికింది కదా అని నేను ధైర్యంగా గేరు వేసి క్లచ్ వదిలాను. బండి వెనక్కి పోయి బంతిపూల కుండీని గుద్దింది. నిమ్మకాయలు అలాగే ఉండిపోయాయి, కుండీ మాత్రం రెండు ముక్కలైంది. కాలనీ అంతా నవ్వింది. మరియమ్మగారు ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ ప్రార్థన మొదలుపెట్టారు.

"దిష్టి కుండీకి పోయింది. బస్, మంచిదే! చలో!" అన్నాడు బాబాయ్. ఆయన ముందు సీట్లో, పిన్ని వెనక సీట్లో పులిహోర గిన్నెతో కూర్చున్నారు. మైదానం ఊరి చివర మోవా దాటాక ఉంది, బలోదా బజార్ రోడ్డు మీద. కాలనీ నుంచి మామూలుగా అరగంట చాలు. తొమ్మిదిన్నరకి గేటు మూసేస్తారు, ఆ తర్వాత వచ్చిన బండి రానట్టే లెక్క. తొమ్మిదికల్లా మోవా వంతెన దగ్గరికి వచ్చేశాం. దారి పొడుగునా సైకిళ్ళవాళ్ళు చేతులు ఊపుతున్నారు, పిల్లలు బండి వెంట కొంత దూరం పరిగెత్తారు. నాకు మళ్ళీ గర్వం మొదలైంది.

వంతెన సగం ఎక్కామో లేదో, ముందు బస్సు ఆగింది. నేనూ ఆపాను. బస్సు కదిలింది. నేను క్లచ్ వదిలేసరికి బండి ఒక ఊపు ఊగి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాను, మళ్ళీ అదే. మూడోసారి బండి వెనక్కి జారింది. చేతి బ్రేకు లాగితే ఉత్తుత్తిగా పైకొచ్చింది, పట్టలేదు. నేను రెండు కాళ్ళతోనూ బ్రేకు తొక్కి పెట్టాను. వెనక ఉన్న ఈ-రిక్షా అతను కెవ్వున అరిచాడు.

"దీదీ, దబా కే రఖో!" తొక్కే ఉంచమంటూ అతను దిగొచ్చి, ఎక్కడి నుంచో ఇటుక తెచ్చి వెనక చక్రానికి అడ్డం పెట్టాడు. మహానుభావుడు. వెనక హారన్లు హోరెత్తాయి. "బాబాయ్, నావల్ల కాదు," అన్నాను. ఏడుపొచ్చేసింది, దాచుకోవడం ఎందుకు.

బాబాయ్ వాచీ వైపు తల వంచాడు. సరిగా కనబడలేదేమో, టైమెంతని అడిగాడు. గేటు మూయడానికి ఇంకో పదిహేను నిమిషాలే ఉన్నాయని చెప్పాను. ఆయన తలుపు తీసి దిగాడు. బండి వెనక్కి వెళ్ళి చొక్కా చేతులు మడుస్తున్నాడు. ఆపరేషన్ అయి వారం కాలేదు, బరువు ఎత్తకూడదు, వంగకూడదు. అలాంటి మనిషి అంబాసిడర్‌ని వంతెన మీదికి తొయ్యడానికి భుజం ఆనించాడు.

అప్పుడు వినబడింది పిన్ని గొంతు. వంతెన కింద కూరలమ్మేవాళ్ళకి కూడా వినబడే ఉంటుంది.

"కన్ను పోగొట్టుకుంటారేటి! వరస కోసం కన్ను పోగొట్టుకుంటారేటి! వచ్చి కూర్చోండి ముందు!" పులిహోర గిన్నె సీటు మీద పెట్టి దిగింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నా తలుపు దగ్గరికి వచ్చింది. "చూస్తన్నావేటి? బ్రేకు మీద కాలు తియ్యకుండా అటు జరుగు."

నేను జరిగాను. ఆవిడ తన కాలు బ్రేకు మీద పెట్టాక నా కాలు తీశాను. బాబాయ్ వచ్చి వెనక సీట్లో పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పిన్ని సీటు ముందుకి లాక్కుంది. గేరు చూడకుండానే వేసింది. ఇంజను శబ్దం చిక్కబడేదాకా క్లచ్ సగం వదిలి పట్టుకుంది. "ఇటుక తీయ్, భయ్యా!" అని హిందీలో కేకేసింది. అతను తీశాడు. అంబాసిడర్ ఒక్క వేలెడు కూడా వెనక్కి జారలేదు. పెళ్ళిలో పెద్ద ముత్తయిదువలా నిదానంగా, దర్జాగా వంతెన ఎక్కేసింది. ఈ-రిక్షా అతను చప్పట్లు కొట్టాడు. నేను ఈల వేశాను. నలభై దాటినదాన్ని అయినా వేశాను.

వంతెన దిగాక వెనక నుంచి బాబాయ్ మెల్లగా అడిగాడు. "ఇదిగో... నీకు హ్యాండ్ గేరు ఎప్పుడొచ్చింది?"

"మా నాన్నకి పార్వతీపురంలో టాక్సీ ఉండేది కదేటి. ఇలాటి అంబాసిడరే. రైసుమిల్లు వెనక ఖాళీ జాగాలో నాకు నేర్పించేడు, పెళ్ళికి ముందు."

"మరి చెప్పలేదేం?"

"మీరు అడిగేరేటి?"

మేం లోపలికి వెళ్ళిన కాసేపటికి మా వెనక గేటు మూశారు. బండి వచ్చి మొదటి వరుసలో తన చోట నిలబడింది. బాబాయ్ దిగి బానెట్ మీద చేత్తో నిమిరాడు. నాకైతే సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. విజయనగరం నుంచి రాత్రంతా రైల్లో ఊగుతూ వచ్చిన డ్రైవర్ని నేను. నన్ను స్టేషన్ నుంచి కారులో ఇంటికి తీసుకొచ్చింది ఎవరు? ఆ ఇంట్లో డ్రైవరు ఉందన్న సంగతి బాబాయ్‌కీ తోచలేదు, ఆవిడ పక్క సీట్లో కూర్చుని కబుర్లు చెప్పిన నాకూ తోచలేదు.

ఇక మేళా సంగతి. ప్రవేశానికి ముప్పై రూపాయలు, పిల్లలకి ఉచితం. అలనాటి సంస్థానం వారి పొడవాటి నల్ల కారు ఒకటి ఉంది, దాని ముందు సెల్ఫీలకి జాతరంత జనం. నాకు నచ్చింది మాత్రం స్కూటర్ల వరుస. ఒక తాతగారు స్కూటర్ వెనక సీటు మీద తలగడ కూడా కట్టుకొచ్చాడు, "మీ దాదీ ఇలాగే కూర్చునేది" అని మనవలకి చూపిస్తూ. రబ్బరు బుర్ర ఉన్న పాత హారన్లని పిల్లలు నొక్కుతూనే ఉన్నారు, యజమానులు తిడుతూనే ఉన్నారు. ఓ మూల చెట్టు కింద ఒకావిడ ఫరా వండుతోంది. బియ్యప్పిండి చుట్టలు ఆవిరి మీద ఉడికించి, నువ్వులు, పచ్చిమిర్చి తాలింపు వేస్తారు. ఆకు దొన్నెలో పెట్టి ఇరవై రూపాయలు.

"కోన్ గాడీ మా ఆయె హస్, నోనీ?" అని అడిగింది ఆవిడ ఛత్తీస్‌గఢీలో. ఏ బండిలో వచ్చావమ్మా అని. నేను అంబాసిడర్ చూపించి, అదిగో ఆ చీరావిడ నడిపింది అన్నాను. ఆవిడ గరిటె వదిలేసి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, పిన్ని కోసమని ఇంకో దొన్నె ఊరికే ఇచ్చింది.

మధ్యాహ్నం మొదటి వరుస బండ్ల పేర్లు మైకులో చదువుతారు. బండి నడిపి తెచ్చినవాళ్ళు ముందుకొస్తే ఇత్తడి బిళ్ళ ఇస్తారు. కార్యదర్శి మిశ్రాజీ అలవాటుగా "మాలిక్ ఔర్ చాలక్, శ్రీ అప్పారావు జీ!" అన్నాడు, యజమానీ డ్రైవరూ ఆయనేనని. బాబాయ్ లేచాడు. నల్ల కళ్ళద్దాలతో తడుముకుంటూ వెళ్ళి మైకు అడిగి తీసుకున్నాడు.

"మాలిక్ హమ్ హై. చాలక్ హమ్ నహీ హై," అన్నాడు. "చాలక్ మా..." అని ఆగిపోయాడు. నాకు తెలిసినన్నేళ్ళలో పిన్నిని ఆయన 'ఇదిగో' అనో 'ఏమే' అనో పిలవడమే విన్నాను. పేరు పెట్టి పిలవడం ఆ ఇంట్లో లేదు. ఆయన గొంతు సవరించుకుని, ఈసారి గట్టిగా రాసుకోమన్నాడు. "సత్యవతి. లిఖియే మిశ్రాజీ, చాలక్ కా నామ్ సత్యవతి."

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వెనక నుంచి తోస్తే గానీ కదల్లేదు. బిళ్ళ తీసుకుని తిరిగొచ్చి బాబాయ్ పక్కన కూర్చుని, "పేరు గుర్తుందన్నమాట," అంది. ఆయన ఫరా నోట్లో పెట్టుకుని తలూపాడు. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు ఎవరూ చెప్పకుండానే వెనక తలుపు తీసుకుని కూర్చున్నాడు.

ఎన్నో ఊళ్ళు తిరిగాను గానీ, డ్రైవర్‌గా వెళ్ళి ప్రయాణికురాలిగా తిరిగొచ్చిన ఊరు ఇదొక్కటే. ఇంత హాయిగా ఓడిపోయింది కూడా ఇక్కడే. ఆ వంతెన మీద నేను బండి ఎక్కించేసి ఉంటే నా అరకు గొప్పలకి ఇంకొకటి తోడయ్యేది, బాబాయ్ వరస నిలిచేది, పిన్ని పులిహోర గిన్నెతో వెనక సీట్లోనే ఉండిపోయేది. అది తలుచుకుంటే నా చేతకానితనమంటే నాకే ముద్దొస్తోంది. వచ్చే ఏడాది మేళాకి వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా. తొమ్మిదిలోపు చేరండి, దుప్పటి, టోపీ ఇవన్నీ మీకే తెలుసు. కానీ పాత బండి నడపడానికి మనిషి కావాలని ఊళ్ళకి ఫోన్లు చేసేముందు, వరండాలో చిక్కుళ్ళు వలుస్తున్నవాళ్ళని ఒక్కసారి అడిగి చూడండి.