మడుగుకు తోడు

మా అమ్మ పెళ్ళినాటి పింగాణీ పళ్ళాలు ఆరు. ఇంట్లో ఉన్నవి ఐదు. ఆరోదాన్ని మా మేనత్త పట్టుకుపోయి, నడుమ కన్నం చేయించి, తాడు కట్టి, ఊరి మురుగునీళ్ళలో ముంచింది. పన్నెండేళ్ళు గడిచాయి. అయినా ఇంటికి చుట్టాలొస్తే చాలు, "ఒకటి తక్కువండీ, మా ఆడపడుచు పుణ్యమా అని" అంటూ అమ్మ మొదలుపెట్టేది.

అత్త పని ఊరి చివర మడుగుల కాపలా. కాపలా అంటే కర్ర పట్టుకుని కూర్చోవడం కాదు. ఊళ్ళోని మురుగంతా వరసగా మూడు మడుగుల్లో నిలిచి, తేరి, చివరి తూములోంచి సరస్సులోకి పోతుంది. మేం తాగేదీ ఆ సరస్సు నీళ్ళే. అందుకే అత్త రోజూ పడవలో మూడో మడుగు మధ్యకు వెళ్ళి పళ్ళెం దించుతుంది. తాడుకు జానకో ముడి. ఐదు ముడులు మునిగాక కూడా పళ్ళెం తెల్లగా కనబడితేనే తూము తెరుస్తుంది. నాలుగున్నర ముడులకే తెరవమని ఎవరు చెప్పినా వినదు. మొండిఘటం.

ఆ వేసవిలో కొత్త అధికారి వచ్చాడు. బూట్లకు మట్టి అంటకుండా గట్టు మీద నిలబడి, రెండో మడుగును చూసి ముక్కు చిట్లించాడు.

"ఏంటమ్మా ఇంత నాచు? శుభ్రం చేసుకోలేవా?"

"ఆ పచ్చదనమే మన పనివాడండీ. ఎండ తాగి నీళ్ళకు ఊపిరి పోస్తుంది. అది చచ్చిందంటే ఊరంతా కంపే."

"నాకు పాఠాలు చెప్పకు."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, ఈ మహానుభావుణ్ణి చూసే అని ఉంటారు. అత్త రెండు రోజులు సెలవు పెట్టిన అదను చూసి మడుగులో నాచుమందు పోయించాడు. ఆమె తిరిగొచ్చేసరికి నీళ్ళు నల్లగా చచ్చి పడి ఉన్నాయి. కంపు మార్కెట్ దాకా కొట్టింది. జనం ఎవర్ని తిట్టారు? అత్తనే! ఇరవై రోజుల్లో పైనుంచి పరీక్షకు వస్తారనీ, నీళ్ళు తప్పితే ఉద్యోగం ఊడుతుందనీ అధికారి ఆమె చేతిలో కాగితం కూడా పెట్టాడు. చేసింది ఒకరు, మోసేది ఇంకొకరు. నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అత్త ఏడవలేదు. తూము బిగించింది. మూడో మడుగులో ఇంకా లేత పచ్చ మిగిలి ఉంది. పాత పంపు పెట్టి ఆ నీళ్ళను వెనక్కి, రెండో మడుగులోకి ఎక్కించింది.

సంగతి విని అమ్మ గట్టు మీదికే వచ్చేసింది.

"బాగుపడ్డ నీళ్ళు తీసుకెళ్ళి మురుగులో పోస్తున్నావా? ఏం చేస్తున్నావసలు?"

"తోడేస్తున్నా వదినా."

"తోడేస్తున్నావని కనబడుతూనే ఉందిగా!"

"ఆ తోడటం కాదు. నువ్వు పాలకు తోడెయ్యవూ? అదీ. గిన్నెడు పాలకు చెంచాడు పెరుగు చాలదా?"

అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఇంటిదారి పట్టింది.

పది రోజులు ఏమీ లేదు. పదకొండో రోజు ఒక మూల అరచేతంత పచ్చ కనబడింది. అత్త గట్టు మీద గంతులేసింది, యాభై మూడేళ్ళ మనిషి! వారం తిరిగేసరికి మడుగంతా పాకింది, కంపు పోయింది. కానీ తూము మూసి ఉండటంతో నీళ్ళు పైకొచ్చి, గట్టు అంచుకు జానెడే మిగిలింది. తెరవమని అధికారి అరిచాడు. పళ్ళెం నాలుగో ముడి దగ్గరే మాయమవుతోంది.

"ఐదు," అంది అత్త. పంపు ఆపి, నీళ్ళను తేరుకోనిచ్చింది.

పరీక్షకు వచ్చినావిడ సీసాలు సర్దుకుంటుండగా అత్త పళ్ళెం దించింది. ఐదో ముడి మునిగింది. ఆరోదీ మునిగింది. పళ్ళెం తెల్లగా కనబడుతూనే ఉంది! అప్పుడు తెరిచింది తూము.

వారం తర్వాత ఊరి సభలో ఆవిడే ఫలితం చదివింది. సరస్సు చుట్టూ ఉన్న ఊళ్ళన్నింటిలోకీ శుభ్రమైన నీళ్ళు మావేనట. "ఏం మందు వాడారమ్మా?" అని అడిగింది.

"మందు వాడింది సారండీ," అంది అత్త అధికారి వైపు చూసి. "నేను తోడేశానంతే."

హాలు దద్దరిల్లింది. నేనైతే గొంతు పోయేలా కేకలేశాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. అత్త అటునుంచి నరుక్కొచ్చింది. ఆ సాయంత్రం అమ్మ అలమర తెరిచి ఇంకో పళ్ళెం తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఆ ఒక్కటీ పగిలితే ఏం చేస్తావే? దానికి తోడుగా ఇదీ ఉంచు."

అన్నాళ్ళూ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

ఇప్పుడు చుట్టాలొస్తే అమ్మ "రెండు తక్కువండీ" అంటుంది. ఎందుకని వాళ్ళు అడిగేదాకా వడ్డించదు.