గుమ్మంలో నిలబడి చెప్పిన జబ్బు

చేపల డాక్టరమ్మకి ముక్కు మీదే కోపం. ఇళ్ళలో, ఆఫీసుల్లో అక్వేరియాలు కడగడం, చేపలు నలతగా ఉంటే కారణం చెప్పడం ఆవిడ పని. తిట్లు మాత్రం ఉచితం. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే నీళ్ళు పాడయ్యాయన్నమాట. ఒక్కటే మూల చేరి రెక్కలు ముడుచుకుంటే జబ్బు దానిది. అంతవరకు ఒక్క చూపులో తేల్చేసి, ఆ తరవాత ఇంటివాళ్ళ దుమ్ము దులిపేది. ముద్దొస్తున్నాయని గుప్పెళ్ళతో మేత పోసినవాళ్ళకీ, శుభ్రం పేరు చెప్పి ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద పిండి మేలుచేసే క్రిముల్ని కూడా చంపేసినవాళ్ళకీ మొహం వాచేలా చీవాట్లు పడేవి. అయినా ఆవిడనే పిలిచేవాళ్ళు. ఏం చేస్తారు మరి, ఆవిడ చెయ్యి పడితే చేపలు బతికేవి.

అలాంటిది ఉన్నట్టుండి ఒక ఇంట్లో తెల్లమచ్చల జబ్బు మొదలైంది. ఒంటినిండా ఉప్పు చల్లినట్టు మచ్చలు, దురదకి రాళ్ళకేసి రాసుకుంటున్న చేపలు. ఆ ఇల్లయ్యాక ఇంకో ఇల్లు. అందరూ ఆవిడ తమ్ముడి షాపులో కొన్నవాళ్ళే. అక్కడే కొనమని పంపింది ఆవిడే. ఇంకేముంది, ఒంటికాలి మీద లేచింది.

షాపు నిండా జనం ఉన్నారని కూడా చూడలేదు. గుమ్మంలోనే నిలబడి నోరు పారేసుకుంది.

"జబ్బు చేపలమ్మి నా పేరు గంగలో కలుపుతున్నావురా. అన్నీ పారబోసి, ట్యాంకులు బ్లీచింగ్ వేసి కడుగు. లేదంటే నీకు అక్క లేదనుకో."

తన చేపలకి మచ్చలేం లేవని తమ్ముడు ఏదో చెప్పబోయాడు. ఆవిడ చెప్పనిస్తేగా! తల్లి పోయాక వాణ్ణి పెంచి, చేపల పని నేర్పి, ఆ షాపు పెట్టించిన మనిషి. వాడి మాట వినడం ఎప్పుడూ అలవాటు లేదు.

మర్నాడు పళ్ళ డాక్టరు క్లినిక్కుకి వెళితే, అక్కడి అక్వేరియంలోనూ అవే మచ్చలు. డాక్టరమ్మకి ఒళ్ళు మండిపోయింది. మా వాడి దగ్గర ఎప్పుడు కొన్నారంటూ రిసెప్షన్ అమ్మాయి మీద పడింది.

"మేమెక్కడా కొనలేదండీ," అంది ఆ అమ్మాయి. "ఇవి మొదటినుంచీ ఉన్నవే. కొత్త చేప లేదు, మొక్క లేదు. ఈ నీళ్ళలో చెయ్యి పెట్టేది మీరొక్కరే."

వెటకారం లేదు, ఉన్నమాటే చెప్పింది. డాక్టరమ్మ తన బకెట్టులోకి చూసుకుంది. అందులో వల ఇంకా తడిగానే ఉంది. ఇదివరకు ఏ ఇంటి వల ఆ ఇంట్లోనే ఉంచేది. పని పెరిగాక అంత ఓపిక ఎక్కడిది? ఒకే వల, ఆరనైనా ఆరనివ్వకుండా, ఇల్లిల్లూ తిప్పుతోంది. జబ్బు పాకిన వరస గుర్తుచేసుకుంది. అది తను తిరిగిన దారే. పీకలదాకా కోపం వచ్చింది, తిట్టడానికి ఎదురుగా తను తప్ప ఎవరూ లేరు.

బకెట్టు అక్కడే వదిలేసి షాపుకి పరుగెత్తింది.

వీధి మొదట్లోనే బ్లీచింగ్ వాసన కొట్టింది. షట్టరు సగం దించి ఉంది. లోపల ట్యాంకులన్నీ ఖాళీ. తమ్ముడు చొక్కా విప్పేసి గాజు తోముతున్నాడు. బల్ల పక్కన, ఎవరెంతిస్తానన్నా అమ్మకుండా పిల్లల్లా సాకిన ఏంజెల్ చేపల జంట ఉండేది. ఆ ట్యాంకూ బోర్లించి ఉంది.

"ఆ జంట ఏదిరా?"

"అన్నీ అన్నావుగా."

ఆవిడ జరిగింది చెప్పింది. జబ్బు అతని చేపలది కాదనీ, తన వలే మోసుకు తిరిగిందనీ, ఒకవేళ మచ్చలు వచ్చినా మందేస్తే తగ్గేవేననీ. తమ్ముడి చెయ్యి ఆగింది. పుట్టి బుద్ధెరిగాక అక్క ముందు గొంతు లేపనివాడు, షాపు దద్దరిల్లేలా అరిచాడు.

"ఊళ్ళో అందరి చేపల్నీ వంగి వంగి చూస్తావు కదా. నావి ఒక్కటంటే ఒక్కటి చూశావా? ఈ గుమ్మం దాటి లోపలికి వచ్చావా?"

"చూడలేదురా," అంది డాక్టరమ్మ.

తమ్ముడు బ్రష్షు విసిరికొట్టి, ఇక వెళ్ళమన్నాడు.