తార్‌బహార్‌లో డ్యూటీ అడిగే పళ్ళాసుపత్రి

ఒక ఊళ్ళో రెండేళ్ళు నిండేసరికి నాకు కాలు నిలవదు. కాలు కాలిన పిల్లి అని మా అమ్మ ఎప్పుడో పేరు పెట్టేసింది. పళ్ళ డాక్టరునయ్యాక ఇప్పటికి నాలుగు ఊళ్ళు మారాను. విశాఖపట్నంలో ఒక మాల్ మూడో అంతస్తులోని క్లినిక్కులో నా రెండేళ్ళూ నిండవస్తున్నాయనగా, తోటి డాక్టరొకావిడ ఓ కబురు చెప్పింది. బిలాస్‌పూర్లో, స్టేషను పక్కనున్న తార్‌బహార్ అనే పేటలో, పైడిరాజుగారనే పెద్ద డాక్టరు ప్రాక్టీసు మానేస్తున్నారట. తెలుగు వచ్చిన మనిషి కోసం చూస్తున్నారట. ఆ సాయంత్రమే ఫోన్ చేశాను.

"రాయ్‌పూర్ నుంచి ఇంకెవరో కూడా అడుగుతున్నారమ్మా. శనివారం సాయంత్రానికి ఆళ్ళకి ఏదో ఒకటి సెప్పీయాల. నువ్వొచ్చి ఓ పూట కుర్చీ దగ్గర నిలబడు, సూద్దాం," అన్నారాయన.

ఈ కుర్చీ నాకు కావాలి. మాల్లో ఏ రోగికి ఎంతసేపు కేటాయించాలో కూడా ఎవరో చెబుతారు. నా పేరుతో బోర్డు, నా పద్ధతి ఉన్న చోట ఒక్కసారైనా పనిచెయ్యాలని నాకు మహా ఆశ.

శుక్రవారం సాయంత్రం విశాఖలో కోర్బా బండి ఎక్కాను. స్లీపర్లో కింద బెర్తు, ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర. విజయనగరంలో ఒక పెద్దావిడ రెండు సంచులతో, ఒక పనసకాయతో ఎక్కి ఎదురుగా కూర్చుంది. పుట్టిల్లు బొబ్బిలి వైపు, కాపురం బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో. నేనెవరో తెలుసుకునేదాకా ఆవిడకి నిద్ర పట్టేలా లేదు.

"పళ్ళ డాక్టరువా? మా మావలాగే ఇంజను నడిపినోళ్ళకి పన్ను నొప్పెట్టడానికి కూడా టైము కుదరదమ్మా. రెస్టులో ఉన్నప్పుడే నొప్పెట్టాల," అంది. నవ్వేసి పడుకున్నాను. ఆ మాట గుర్తుపెట్టుకుని ఉంటే మర్నాడు ఇంత అవస్థ ఉండేది కాదు.

తెల్లారి రాయ్‌పూర్లో టీ తాగాను. బండి కదలగానే బ్యాగు భుజాన వేసుకుని తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాను. బిలాస్‌పూర్ అప్పటికి ఇంకా బోలెడు దూరం. "కూకోమ్మా, నువ్వు నిలబడితే బండి తొరగా వెళ్తాదా?" అని పెద్దావిడ కేకేసింది. వెళ్ళి కూర్చున్నాను, మళ్ళీ లేచాను. బిల్హా దగ్గర వరిచేల పక్కనుంచి లోకల్ బండి ఎదురొచ్చి పోయింది. పది దాటాక బిలాస్‌పూర్లో దిగాం.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట. స్టేషను బయట పొద్దున్న వేడి పోహా, అంటే మన అటుకుల ఉప్మాలాంటిది, దాంతో జిలేబీ దొరుకుతాయి. కలిపి తింటారు. మొదట వింతగా ఉంటుంది గాని రెండో ముద్దకి అలవాటైపోతుంది. తార్‌బహార్‌కి ఆటో అక్కర్లేదు, సామాను లేకపోతే నడిచిపోవచ్చు.

ఈ ఊరికి ఈ రూపం రైలు వచ్చాకే వచ్చిందంటారు. దాని కోసమే మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళు పాతకాలంలోనే వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. తార్‌బహార్ వీధిలో నడుస్తుంటే ఆ సంగతి దుకాణాలే చెబుతాయి. యూనిఫారాలు కుట్టే టైలరు, డ్రైవర్లు లైను మీదికి పట్టుకెళ్ళే రేకు పెట్టెలు చేసేవాడు, పాసు ఫోటోలు తీసే స్టూడియో, పింఛను కేసులు చూసే వకీలు, ఒక హోమియో వైద్యుడు. పెట్టెలవాడు ఇప్పుడు పెట్టెలకన్నా బీరువాలే ఎక్కువ చేస్తున్నాడు. బోర్డులన్నీ హిందీవే. పైడిరాజుగారి బోర్డు మీద మాత్రం హిందీ కింద తెలుగక్షరాలు, ఎండకి సగం వెలిసిపోయి ఉన్నాయి.

ఒక గది, ఒక కుర్చీ, గోడవారగా రెండు బల్లలు. డాక్టరుగారు పొట్టిగా, తెల్లటి జుట్టుతో ఉన్నారు. "ఈ పూట నీదమ్మా. నేను మాటాడను," అని పేపరు పట్టుకుని బల్ల చివర కూర్చున్నారు.

నా పద్ధతి చూపించాలని తహతహ. వచ్చినవాళ్ళు వచ్చిన వరసలో రావాలని చెప్పి కాగితం ముక్కలు చింపి, అంకెలు వేసి తలా ఒకటి ఇచ్చాను. జనం వాటిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. లోపలికొచ్చిన ప్రతివాడూ కూర్చునేముందు ఏదో ఒకటి గట్టిగా అంటున్నాడు. "గూడ్సు బండి, నాలుగింటికి." "రెస్టు, రేపటిదాకా." "సైన్ ఆఫ్ అయి వచ్చీసినాను." ఊసుపోక కబుర్లనుకుని, నేను పని చేసుకుంటున్నాను.

అంతలో ఎడమ దవడ ఉబ్బిన నడివయసు మనిషొకాయన వచ్చాడు. సన్యాసిరావు, గూడ్సు బండ్ల లోకో పైలట్. "ఎప్పుడైనా పిలుస్తారు," అని నోరు సగమే తెరిచి చెప్పాడు. వెంటనే బల్లమీది నలుగురూ జరిగి ఆయన్ని ముందుకి తోశారు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"టోకెన్ ప్రకారం రండి. అందరికీ నొప్పే," అన్నాను.

ఆయన వెళ్ళి చివర కూర్చున్నాడు. డాక్టరుగారు పేపరు మడిచి మళ్ళీ విప్పారు. నేను దంతాల మీద గార తీస్తున్న కుర్రాడు రేపటిదాకా రెస్టు అన్న మనిషే. వాడి తరవాతివాడి పని ఇంకా అవుతుండగానే సన్యాసిరావు ఫోను మోగింది. డ్యూటీ పిలుపు. ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, వాళ్ళు చెప్పుకున్నవి కబుర్లు కావని. ఎవరు ముందు పోవాలో వాళ్ళు గుమ్మంలోనే తేల్చుకుంటున్నారు. ముందు డ్యూటీ ఉన్నవాడిది ముందు వంతు. నేను వచ్చి దాన్ని కాగితం ముక్కలతో పాడుచేశాను.

"ఆగండి! ఎంత టైముంది?" అని గుమ్మందాకా పరిగెత్తాను.

"రెండు గంటల్లో ఇంజను దగ్గరుండాల."

"సిక్ లీవు పెట్టకూడదా?"

"పెడితే ఇంకోడు రెస్టులోంచి లేచి రావాల. ఆడూ మనిషే గదమ్మా."

కుర్చీలోవాణ్ణి లేపబోతే వాడే ముందు లేచాడు. సన్యాసిరావుని కూర్చోబెట్టి మత్తు సూది తీయబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "మూతి మొద్దుబారీస్తే సిగ్నల్ ఎలగ పలకడం? సిగ్నల్ కనపడ్డప్పుడల్లా నేనూ, నా అసిస్టెంటూ పైకి పలకాల."

మాల్లో నన్ను ఈ మాట అడిగినవాడు లేడు. చూస్తే పన్ను లోపలి నరం ఎప్పుడో చచ్చిపోయింది, మత్తు లేకుండా తెరవచ్చు. కాస్త ఓర్చుకోమన్నాను. ఆయన కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని కదల్లేదు. చీము బయటికొచ్చి ఒత్తిడి తగ్గగానే పెద్దగా ఊపిరి వదిలాడు. నిద్ర తెప్పించని మందులే చూసి రాసిచ్చాను.

"ఇది సగం పనే. వచ్చే శనివారం మళ్ళీ రావాలి," అన్నాను.

"వస్తాను. అప్పుడికి మీరుంటారా?"

"ఉంటాను," అనేశాను. అన్నాక గాని తెలియలేదు, ఆ కుర్చీ ఇంకా నాది కాదని. బల్లమీద వాళ్ళంతా డాక్టరుగారి వైపు చూశారు. ఆయన పేపర్లోంచి తలెత్తలేదు. మిగతా పూటంతా ప్రతివాణ్ణీ ముందు డ్యూటీయే అడిగాను. కాగితం ముక్కలు ఎప్పుడు బుట్టలోకి పోయాయో నాకు తెలీదు.

మూడింటికి వాళ్ళింట్లో భోజనం. డాక్టరుగారి భార్య నరసమ్మగారు ఎర్ర తోటకూర, చింతపండు పులుసు వడ్డించారు. "తినీసి మాటాడుకోండి," అన్నారావిడ. ఆయన ఆగలేదు.

"నీ సెయ్యి మంచిదమ్మా, సూసీసినాను. సెయ్యి ఒకటే సాలదు. ఈళ్ళు ఎప్పుడొస్తారో ఈళ్ళకే తెలీదు. వచ్చినప్పుడు మనిషుండాల. ఎక్కడా రెండేళ్ళకి మించి నేవట. ఇక్కడ ఎన్నాళ్ళుంటావేటి?"

అబద్ధం చెప్పాలనిపించింది, నోరు రాలేదు. "తెలీదండీ," అన్నాను.

"అచ్ఛా," అని మజ్జిగ పోసుకున్నారు. ఇంక ఆ సంగతి ఎత్తలేదు. ఆరు దాటాక బండి దాకా వచ్చి సాగనంపారు గాని ఔననీ కాదనీ చెప్పలేదు.

బండి కదిలింది. పక్క లైన్లో బొగ్గు వేగన్లు తెగకుండా వస్తూనే ఉన్నాయి. వాటి ముందు ఇంజన్లో సన్యాసిరావే ఉన్నాడేమో అని చూశాను, చూపుకి అందలేదు. ఊరంతా తిరుగుతూనే ఉంటుంది, తిరిగొచ్చినవాడికి ఒక టైలరు, ఒక వకీలు, ఒక డాక్టరు ఉన్నచోటే ఉంటారు. ఇన్నాళ్ళూ నేను తిరిగేవాళ్ళ జాతి అనుకున్నాను. తీరా ఇక్కడ నాకు దొరికేది కదలనివాళ్ళ పని. నావల్ల అవుతుందా? అదీ దొరికితే కదా! కూర్చోలేక బ్యాగు భుజాన వేసుకుని మళ్ళీ తలుపు దగ్గర నిలబడ్డాను. బిల్హా దాటుతుండగా ఫోన్ మోగింది. పైడిరాజుగారు.

"సన్యాసిరావు పెళ్ళాం ఫోన్ చేసిందమ్మా. వచ్చే శనివారం ఎన్నింటికి రమ్మన్నావని అడుగుతోంది. ఏటి సెప్పమంటావు?"

పదకొండింటికి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఆ రోజు ఆయన డ్యూటీ ఎప్పుడో కనుక్కోమనండి. ఎప్పుడొచ్చినా నేనుంటాను."

"అచ్ఛా," అన్నారు. "అయితే రాయ్‌పూర్ వాళ్ళకి వద్దని సెప్పీస్తాను మరి."

లోపలికొచ్చి బ్యాగు సీటు కిందకి తోసి కూర్చున్నాను. విశాఖపట్నం ఇంకా రాత్రంతా ప్రయాణం.